ఇరియోమోటె పిల్లి: వంద ప్రాణాలు, ఒకే రోడ్డు

మీ ప్రశ్న ఇది: "ప్రపంచంలో ఒకే ఒక్క ద్వీపంలో ఉండే అడవి పిల్లి ఒకటుందని, అవి వంద మాత్రమే ఉన్నాయని చదివాను. నిజమేనా? అంత తక్కువ ఉంటే జూలో పెట్టి సంఖ్య పెంచొచ్చు కదా? మన బావురు పిల్లికి ఇది చుట్టమా? అక్కడికి వెళ్తే చూడొచ్చా?"

నిజమేనండి. మీరు చదివింది ఇరియోమోటె పిల్లి గురించి. జపాన్ దక్షిణ కొసన, ఒకినావా రాష్ట్రంలో యాయెయామా అనే ద్వీపాల గుంపు ఉంది. అందులో ఇరియోమోటె ఒకటి. మ్యాపులో చూస్తే ఒకినావా ప్రధాన ద్వీపం కంటే తైవానే దానికి దగ్గర. విస్తీర్ణం సుమారు 290 చదరపు కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ నగరంలో సగం కూడా ఉండదు. 2005-2007 మధ్య చేసిన సర్వేలో అక్కడ 100 నుంచి 109 పిల్లులు ఉన్నాయని తేలింది.

మీరు అడిగినవాటిలో అసలైనది జూ ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ పిల్లి ఎక్కడ, ఎలా బతుకుతుందో చెప్పాలి. కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను పధ్నాలుగేళ్లుగా కోరింగలోనూ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటి మడ అడవుల్లోనూ చిన్న అడవి పిల్లుల మీద పని చేస్తున్నాను. కెమెరాలు కట్టడం, అడుగుల గుర్తులు వెతకడం, పెంట ఏరి అందులో ఏ ఎముకలున్నాయో చూడడం నా పని. ఇరియోమోటెకు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కలిపి పదహారు రాత్రులు అక్కడున్నాను.

"ఒకే ద్వీపం" అన్న మాట దగ్గర ఒక చిన్న వివరణ. బోర్నియో ద్వీపంలో ఎర్రటి ఒంటితో బే క్యాట్ అని ఇంకో అడవి పిల్లి ఉంది. అదీ ఆ ఒక్క ద్వీపంలోనే ఉంటుంది, అదీ ప్రమాదంలోనే ఉంది. కానీ బోర్నియో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా రెండింతలకు మించిన ద్వీపం. ఇరియోమోటె సంగతి వేరు. పడవలో చుట్టి వస్తే ఒక్క పూటలో అయిపోయే నేల అది.

చూడ్డానికి మన ఇంటి పిల్లంతే ఉంటుంది, మూడు నుంచి అయిదు కిలోల బరువు. కానీ ఒళ్లు కాస్త సాగినట్టు పొడుగ్గా, కాళ్లు పొట్టిగా, దిట్టంగా ఉంటాయి. తోక లావు. ముదురు గోధుమ రంగు ఒంటి మీద ఇంకా ముదురు మచ్చలు, కళ్ల చుట్టూ తెల్లటి అంచు. చెవులు కొసదేరి ఉండవు, గుండ్రంగా ఉంటాయి. పులి చెవి వెనక తెల్ల మచ్చ ఉంటుంది చూడండి, దీనికీ అలాంటిదే ఉంటుంది. నోరు తెరిస్తే 28 పళ్లు. ఇంటి పిల్లికి 30.

ద్వీపం వాళ్లకు ఈ పిల్లి ఎప్పటినుంచో తెలుసు. అడవి పందులకు పెట్టిన ఉచ్చుల్లో అప్పుడప్పుడు పడేది. "యామామాయా" అనేవాళ్లు, అంటే కొండపిల్లి. "యామాపికార్యా" అని ఇంకో పేరుంది, కొండలో మెరిసేది అని అర్థం. చీకట్లో పొదల మధ్య ఆ కళ్లు మెరవడం చూసినవాళ్లు పెట్టుకున్న పేరు. బయటి లోకానికి తెలిసింది మాత్రం 1965లో. జంతువుల మీద కథలు రాసే తొగావా యుకియో అనే రచయిత అటు వెళ్లినప్పుడు ఈ పిల్లి గురించి విని, చర్మం, పుర్రె సంపాదించి టోక్యో పట్టుకెళ్లాడు. జాతీయ విజ్ఞాన మ్యూజియంలో ఇమాయిజుమి యోషినోరి దాన్ని పరీక్షించి, 1967లో ఇది సరికొత్త జాతి అనీ, అసలు దీని ప్రజాతే (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపే) వేరనీ ప్రకటించాడు. "మాయైలూరస్ ఇరియోమోటెన్సిస్" అని పేరు పెట్టాడు. అందులోని "మాయా" ఆ ద్వీపం జనం మాటే, పిల్లి అని. శాస్త్రం పెట్టిన పేరులో ఊరివాళ్ల మాట ఉండడం నాకు చాలా నచ్చిన సంగతి.

తర్వాత 1990లలో డీఎన్ఏ పరీక్షలు జరిగాక లెక్క మారింది. ఇది ప్రజాతి కాదు, విడి జాతి కూడా కాదు. ఆసియాలో చాలాచోట్ల ఉన్న చిరుతపిల్లి (ఇంగ్లీషులో లెపర్డ్ క్యాట్), అంటే ప్రియొనైలూరస్ బెంగాలెన్సిస్‌లోని ఒక శాఖ అని తేలింది. సుమారు రెండు లక్షల ఏళ్ల కిందట మిగతావాటి నుంచి విడిపోయింది. దాన్ని ప్రత్యేక ఉపజాతిగా లెక్కించాలా, ఉత్తరాది చిరుతపిల్లుల్లో కలిపేయాలా అన్న దాని మీద ఇప్పటికీ రెండు మాటలున్నాయి. 2017లో వచ్చిన వర్గీకరణ కలిపేసింది. "అయితే అంత ప్రత్యేకమేం కాదన్నమాట" అని కొందరు తేల్చేస్తుంటారు. నేను ఒప్పుకోను. పేరు ఏ గడిలో రాసుకున్నా, రెండు లక్షల ఏళ్లు ఇంకెవరితోనూ కలవకుండా, ఇంకెక్కడా లేని బతుకు బతికిన పిల్లి ఇది. ఆ బతుకేమిటో చూస్తే మీకే తెలుస్తుంది.

పిల్లి జాతి జంతువులు చాలావరకు ఎలుకలో, కుందేళ్లో, అలాంటి పాలిచ్చే జంతువులో తిని బతుకుతాయి. ఇరియోమోటెలో నేల మీద తిరిగే చిన్న పాలిచ్చే జంతువులే మొదట్నుంచీ లేవు. ఇప్పుడున్న నల్ల ఎలుక మనుషుల వెంట వచ్చింది. మరి అంతకు ముందు వేల ఏళ్లు ఈ పిల్లి ఏం తిని బతికింది? ఏది దొరికితే అది. కప్పలు, నలికిరులు, పాములు, నీటికోళ్లు, చిన్న గుడ్లగూబలు, చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు, కీచురాళ్లు, వాగుల్లో రొయ్యలు, పీతలు. నీళ్లలో దిగుతుంది, ఈదుతుంది, రొయ్య కోసం తల ముంచి మునుగుతుంది కూడా. ఇన్ని రకాలు తినే అడవి పిల్లి నాకు తెలిసి ఇంకోటి లేదు.

నేను వెళ్లిన మొదటిసారి అక్కడ పని చేసే ఒక పరిశోధకుడు కడిగి ఆరబెట్టిన పెంటను తెల్ల ట్రేలో పోసి పట్టకారుతో విడదీసి చూపించారు. అర చేతిలో పట్టేంత పెంట. అందులో కప్ప కాళ్ల సన్నటి ఎముకలు, నలికిరి పొలుసులు, రొయ్య పెంకు ముక్క, కీచురాయి వెనక కాలు, పక్షి ఈక కాడలు రెండు. ఒక్క రాత్రి తిండి అది! కోరింగలో బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) పెంట కడిగితే నాకు ఎక్కువగా కనిపించేవి చేప పొలుసులు, పీత డెక్కలు. ఇక్కడ చూస్తే అడవిలో ఉన్న ప్రాణులన్నీ తలా ఒక ముక్క ఉన్నట్టనిపించింది. ఆయన ఒక మాటన్నారు: "ఇందులో ఎలుక వెంట్రుకలు లేకపోయినా ఆశ్చర్యం లేదు, కప్ప లేకపోతేనే అనుమానిస్తాను."

ఈ కప్ప సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే కప్పలు, రొయ్యలు, నీటికోళ్లు ఎక్కడుంటాయి? కొండ మీద కాదు. ద్వీపంలో పదింట తొమ్మిది వంతులు అడవే, నడుమ కోమిదాకె కొండ 469 మీటర్లు. చూసినవాళ్లెవరైనా పిల్లి ఆ నడిమి అడవిలో మనిషి కంట పడకుండా దాక్కుని ఉంటుందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. అది తప్పు. కొండ అడవిలోనూ ఉంటుంది గానీ, దానికి బాగా తిండి దొరికేది తీరం వెంబడి లోతట్టు నేలలో. వాగులు మడ అడవుల్లో కలిసే చోట్లు, చిత్తడి, అడవి అంచు, వరి మళ్ల గట్లు, అదీ దాని చోటు. మనిషి ఊరు కట్టుకున్నదీ అక్కడే. రోడ్డు వేసిందీ అక్కడే. ఈ పిల్లి కష్టమంతా ఆ కాస్త నేల దగ్గరే ఉంది. దట్టమైన అడవిని ఎంత పదిలంగా కాపాడినా, ఆ అంచు పోతే పిల్లి ఉండదు.

ఇక్కడ మనుషుల కథ కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకప్పుడు ఇరియోమోటె అంటే మలేరియా. పక్క ద్వీపాల వాళ్లు పడవలో వచ్చి పొలం పని చేసుకుని వెళ్లేవాళ్లు గానీ రాత్రి ఉండడానికి జంకేవాళ్లు. 1945లో, యుద్ధం చివరి నెలల్లో, జపాన్ సైన్యం హతెరుమా ద్వీపం జనాన్ని బలవంతంగా ఇరియోమోటెకు తరలించింది. అక్కడ సోకిన మలేరియాతో హతెరుమా జనాభాలో దాదాపు మూడో వంతు చనిపోయారు. వాళ్లతో వచ్చిన బడి పెద్ద సముద్రపు ఒడ్డున ఒక బండ మీద "మరువకు ఈ రాయిని, హతెరుమా" అని అర్థం వచ్చే అక్షరాలు చెక్కారు. ఆ బండ ఇప్పటికీ ఉంది. నేను వెళ్లి నిలబడ్డాను. అలలు దాని దగ్గరిదాకా వస్తాయి. యుద్ధం తర్వాత వేరే ద్వీపాల నుంచి వచ్చినవాళ్లు అడవి కొట్టుకుని, మళ్లు చేసుకుని ఊళ్లు నిలబెట్టుకున్నారు, మందులు వచ్చి 1960ల మొదట్లో మలేరియా కూడా పోయింది.

ఊళ్లు కుదురుకుంటున్న ఆ రోజుల్లోనే, 1960ల చివర్లో, పిల్లి పేరు ప్రపంచమంతా మోగింది. 1970లలో పాల్ లైహాజెన్ అనే జర్మన్ పరిశోధకుడు, పిల్లి బతకాలంటే మనుషుల్ని అక్కణ్నుంచి తరలించాలన్న సలహా ఇచ్చాడు. ఆ ఊరివాళ్ల గుండె ఎలా మండి ఉంటుందో ఆలోచించండి. ఒకసారి బలవంతంగా తరలిస్తే మూడో వంతు జనం పోయిన నేల అది. మళ్లీ తరలించమంటున్నాడు, అదీ పిల్లి కోసం. "మనుషులు కావాలా, పిల్లి కావాలా" అని పెద్ద గొడవైంది. కొన్నేళ్లపాటు పిల్లి పేరెత్తితేనే ఊళ్లో మొహాలు మాడిపోయేవట. లైహాజెన్ పిల్లుల మీద గొప్ప పని చేసినవాడు, ఆయన పని చదివే నేను నేర్చుకున్నాను. కానీ ఆ సలహా తప్పు, నూటికి నూరుపాళ్లు తప్పు. ఇవాళ ఆ పిల్లి ఇంకా ఉందంటే ఆ ఊళ్ల వాళ్లు నెమ్మదిగా దాన్ని తమదనుకోబట్టే. రాత్రి రోడ్డు మీద గస్తీ తిరిగేది, పిల్లి కనబడితే ఫోన్ చేసి చెప్పేది, ఇంటి పిల్లికి గుర్తింపు చిప్ వేయించేది వాళ్లే.

ఇప్పుడు రోడ్డు. ఆగ్నేయాన తొయోహరా నుంచి తీరం వెంబడే పైకి వెళ్లి, ఉత్తరం చుట్టి పడమట షిరహామా దాకా ఒకే రోడ్డు, సుమారు 50 కిలోమీటర్లు. ద్వీపంలో సగం అంచు అది. మిగతా సగానికి రోడ్డే లేదు, అక్కడున్న ఫునావుకి ఊరికి పడవలోనే వెళ్లాలి. ద్వీపం జనాభా 2,400 దాకా ఉంటుంది, కోవిడ్‌కు ముందు ఏటా వచ్చిన టూరిస్టులు మూడు లక్షలకు దగ్గరగా. వాళ్లలో చాలామంది కారు అద్దెకు తీసుకుంటారు. 1978 నుంచి లెక్క చూస్తే పిల్లులను వాహనాలు ఢీకొన్న ఘటనలు 90 దాటాయి. వాటిలో దాదాపు అన్నీ చావులే. వంద ప్రాణాలున్న చోట ఆ లెక్కను ఎలా చదువుకోవాలో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. వందలో అన్నీ పిల్లలు పెట్టేవి కావు. కొన్ని పసివి, కొన్ని ఇంకా తమ చోటు దొరక్క తిరిగేవి. తన చోటు తాను పట్టుకుని ఏడాదికి ఒకటో రెండో, మహా అయితే మూడో పిల్లల్ని పెట్టే ఆడపిల్లులు ఎన్ని ఉంటాయంటారు? వేళ్ల మీద లెక్కపెట్టలేకపోవచ్చు గానీ, పెద్ద సంఖ్య మాత్రం కాదు. ఏప్రిల్-జూన్ మధ్య పుడతాయి. ఆ నెలల్లో ఒక తల్లి రోడ్డు మీద పోతే ఒక్కటే పోయినట్టు కాదు.

రోడ్డు మీదికి ఎందుకొస్తుందని అడగొచ్చు. వాన పడిన రాత్రి ఆ రోడ్డు మీద నడిస్తే తెలుస్తుంది. నేను నడిచాను. కప్పలు తారు మీదికొచ్చి కూర్చుంటాయి, పీతలు అడ్డంగా పరుగెడతాయి, కొన్ని చక్రాల కింద పడి నలిగి ఉంటాయి. పిల్లికి అది పరిచిన విస్తరి. తిండి కోసం వచ్చి, అక్కడే తింటూ ఉండగా హెడ్‌లైట్లు వస్తాయి. అందుకే అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు గస్తీ తిరుగుతూ రోడ్డు మీది చచ్చిన కప్పల్ని, పీతల్ని ఏరి పక్కకు వేస్తారు. ఎంత చిన్న పని! ఇంతకంటే సూటిగా పిల్లి ప్రాణం కాపాడే పని నాకైతే కనిపించలేదు.

రోడ్డు కింద పిల్లులు దాటడానికి కట్టిన దారులు వందకు పైనే ఉన్నాయి. నేను వాటిలో ఒకదాంట్లోకి వంగి వెళ్లాను. సిమెంటు గూడు, మన పొలాల దగ్గర కాలువ మీద తూములా ఉంటుంది. ఒక పక్క నీళ్లు పారుతుంటాయి, ఇంకో పక్క జంతువు తడవకుండా నడవడానికి మెట్టులా ఎత్తు చేసి ఉంచారు. ఆ మెట్టు మీద వాగు తెచ్చిన మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంది. దాని మీద అడుగులు. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు లేవు, మడమ మూడు పాయలు. అంగుళం కంటే కొంచెం ఎక్కువ వెడల్పు. నా తల మీద నుంచి అప్పుడే ఒక బస్సు వెళ్లింది, గూడంతా అదిరింది. ఆ అడుగులు మాత్రం తొందర లేకుండా ఒకే కొలతలో ఇటు నుంచి అటు వెళ్లాయి. నా వెన్నులో సన్నగా వణుకు పుట్టింది. పధ్నాలుగేళ్లుగా అడుగులు చూస్తున్నవాణ్ని, అయినా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

పైన రోడ్డు మీద అక్కడక్కడా ఉబ్బెత్తు చారలు వేశారు. కారు వాటి మీదికెక్కగానే గర్రున మోత, స్టీరింగ్‌లో వణుకు. డ్రైవర్ మేలుకుంటాడని మాత్రమే కాదు, ఆ మోత విని పిల్లి పక్కకు తప్పుకుంటుందని కూడా. వేగం పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. ఎక్కడ చూసినా పిల్లి బొమ్మతో పసుపు బోర్డులు. ఇవన్నీ ఉన్నా చావులు ఆగలేదు. ఎందుకంటే ఖాళీ రోడ్డు, మంచి తారు, ఫెర్రీకి టైమైపోతోందన్న టెన్షన్. బోర్డు చదివినవాడే యాక్సిలరేటర్ తొక్కుతాడు.

ఇప్పుడు మీ జూ ప్రశ్నకు వస్తాను.

జూలో పెంచడం ఎప్పుడు పనికొస్తుందంటే, బయట ఖాళీ చోటు ఉండి, దాన్ని నింపడానికి జంతువులు లేనప్పుడు. ఇరియోమోటెలో అలా కాదు. ఆ ద్వీపం మోయగలిగిందే దాదాపు ఆ వంద పిల్లుల్ని. ఒక్కో పిల్లికి ఒకటి నుంచి అయిదు చదరపు కిలోమీటర్ల చోటు కావాలి, ఉన్న చోటంతా ఇప్పటికే వాటి చేతిలోనే ఉంది. మీరు జూలో ఇరవై పిల్లల్ని పుట్టించి తెచ్చి వదిలితే అవి ఎక్కడికి పోతాయి? చోటున్న పిల్లులు తరిమితే, చివరికి మిగిలేది రోడ్డు అంచే. ఇంకో ద్వీపంలో వదులుదామా అంటే, పిల్లి లేని ద్వీపంలో పెరిగిన పక్షులకు, కప్పలకు పిల్లి అంటే ఏమిటో తెలియదు, అక్కడ ఊచకోతే. అన్నిటికంటే పెద్ద సంగతి, ముందు వందలోంచి పది పట్టుకొచ్చి బోనులో పెట్టాలి. అంటే అడవికి సంబంధించినంత వరకు ఆ పది చచ్చినట్టే.

పోల్చడానికి జపాన్‌లోనే ఇంకో పిల్లి ఉంది, కొరియాకు దగ్గరగా ఉండే సుషిమా ద్వీపంలో. అదీ చిరుతపిల్లి శాఖే, అవీ వంద దాకానే ఉంటాయని అంచనా. కానీ సుషిమా ఇరియోమోటెకు రెండింతలు పైన. అక్కడ పిల్లులు ఒకప్పుడున్న చోట్ల నుంచి తగ్గిపోయాయి. ఫుకువోకా జూలో 2000లో మొదటిసారి పిల్లలు పుట్టాయి. అక్కడ జూ పనికి ఒక అర్థముంది. ప్రతి జంతువుకూ ఒకే మందు వేయలేం.

ఇరియోమోటెలో బోనులో బతికిన పిల్లి కథ ఒకటి చెబుతాను. 1996లో కారు గుద్దిన ఒక పిల్లి దొరికింది, ఇంకా పూర్తిగా ఎదగని మగపిల్లి. దానికి "యోన్" అని పేరు పెట్టారు. ప్రాణం నిలిచింది గానీ అడవిలో వేటాడి బతికేలా కోలుకోలేదు. దాన్ని అక్కడి వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలోనే ఉంచారు. 2011లో చనిపోయింది, దాదాపు పదిహేనేళ్లు బతికింది. ఈ పిల్లి ఎలా నిద్రపోతుంది, ఎలా తింటుంది, ముసలితనంలో ఎలా ఉంటుంది అన్నది మనుషులు ఏళ్ల తరబడి దగ్గరగా చూసే వీలు యోన్ వల్ల కలిగింది. ఒక కారు దెబ్బకు ఒక జీవితమంతా గోడల మధ్య గడిచింది. నాకు తెలిసిన మేరకు, ఆ ద్వీపంలో చిన్నపిల్లలకు బాగా గుర్తున్న పిల్లి కూడా అదే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఈ పిల్లుల్ని "పెంచాల్సిన" అవసరం లేదు, అవి తమంతట తామే పెంచుకుంటాయి. వేల ఏళ్లుగా అంత చిన్న సంఖ్యతోనే నిలదొక్కుకున్నాయి. మనం చేయాల్సింది మన వల్ల పోయే ఆ ఒకటీ అరా పోకుండా చూడడం. ఏడాదికి రెండు చావులు తగ్గితే అది ఇరవై జూల కంటే ఎక్కువ.

రోడ్డు తర్వాత పెద్ద ప్రమాదం ఇంటి పిల్లి. పోట్లాడుకుంటే రక్తంలో చేరే పిల్లుల ఎయిడ్స్, లుకేమియా లాంటి జబ్బులు ఇంటి పిల్లుల నుంచి అడవి పిల్లికి అంటితే, ఆ వందలో వ్యాపించడానికి ఎంతోకాలం పట్టదు. జన్యుపరంగా వాటిలో తేడాలు కూడా తక్కువే, ఒకదాన్ని పడగొట్టిన జబ్బు అన్నిటినీ పడగొట్టవచ్చు. ఆ ద్వీపం తకెతొమి అనే పట్టణ పాలన కింద ఉంది. వాళ్లు 2001లోనే ఇంటి పిల్లుల మీద ప్రత్యేక నిబంధన తెచ్చారు, 2008లో గట్టి చేశారు. చిప్ వేయించాలి, టీకాలు, రక్త పరీక్ష తప్పనిసరి. జపాన్ పెద్ద ద్వీపాల్లో ఒకటైన క్యూషూ నుంచి పశువైద్యులు స్వచ్ఛందంగా వచ్చి ఆపరేషన్లు, పరీక్షలు చేసి వెళ్లారు. యజమాని లేని పిల్లుల్ని పట్టి వేరే చోట ఇళ్లు వెతికి ఇచ్చారు. పేరు రాదు, ఫొటో పడదు, కానీ ఇలాంటి పనే ప్రాణం నిలబెడుతుంది.

పక్కనున్న ఇషిగాకి ద్వీపంలో బయటి నుంచి తెచ్చిన విషపు కప్ప, కేన్ టోడ్, బాగా పెరిగిపోయింది. అది సరుకుల్లో కలిసి ఇటు దాటితే? కప్పలు తిని బతికే పిల్లి అని ముందే చెప్పాను కదా. అందుకే రేవు దగ్గర మట్టి, మొక్కలు, ఇసుక మీద అంత జాగ్రత్త.

2021 జులైలో అమామి, తొకునోషిమా, ఒకినావా ఉత్తర భాగంతో కలిపి ఇరియోమోటెకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుర్తింపు వస్తే జనం వస్తారు, జనం వస్తే కార్లు వస్తాయి. అందుకే ఏడాదికి 3,30,000 మందికి మించకూడదని పరిమితి అనుకున్నారు, జలపాతాల దారుల్లాంటి కొన్నిచోట్ల రోజుకు ఇంతమందే అని కోటా పెట్టారు. నేను దీన్ని గట్టిగా సమర్థిస్తాను.

బావురు పిల్లి సంగతి. చుట్టమే, అదీ దగ్గరి చుట్టం. రెండూ ప్రియొనైలూరస్ ప్రజాతివే, బావురు పిల్లి ప్రియొనైలూరస్ వివెరినస్. రెండూ నీళ్లంటే భయపడవు, రెండూ మడ అడవిని వాడుకుంటాయి. మన నామాల పిల్లి (రస్టీ-స్పాటెడ్ క్యాట్) కూడా అదే ప్రజాతి. తూర్పు కనుమల్లో ఉన్న చిరుతపిల్లి అయితే ఇరియోమోటె పిల్లికి ఇంకా దగ్గర, జాతి ఒకటే. అడుగుల గుర్తులు పక్కపక్కన పెడితే నాకే తేడా చెప్పడం కష్టం.

ఇంకో పోలిక కూడా ఉంది, చెప్పడానికి బాధగా ఉంటుంది. మూడేళ్ల కిందట దివిసీమ వైపు, తెల్లవారుజామున చెరువుల మధ్య రోడ్డు మీద నాకొక బావురు పిల్లి కనిపించింది. ఇంకా వెచ్చగా ఉంది. పాలిస్తున్న తల్లి. పక్కన నోట్లోంచి జారిపోయిన చేప. గట్ల మీద పొదల్లో పిల్లల కోసం రెండు రోజులు వెతికాం, దొరకలేదు. ఆ రోడ్డు మీద ఒక్క బోర్డు లేదు, కింద దాటే దారి లేదు, చారలు లేవు. దాని చావు ఏ లెక్కలోకీ ఎక్కలేదు, నా నోట్‌బుక్‌లో తప్ప. ఇరియోమోటెలో పోయిన ప్రతి పిల్లికీ తేదీ ఉంది, చోటు ఉంది, ఆడో మగో రాసి ఉంది. మనకు కావాల్సిన మొదటి మెట్టు అదే, కాబట్టి మీ ప్రాంతంలో రోడ్డు మీద ఇలాంటి పిల్లి కనిపిస్తే ఫొటో తీసి, చోటు రాసి అటవీ శాఖ వాళ్లకు పంపండి. ఒంటి మీద బూడిద రంగు, నల్ల మచ్చలు, పొట్టి తోక ఉంటే అది బావురు పిల్లే.

ఇక చూడొచ్చా అన్నారు. ఇషిగాకికి విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో ఇరియోమోటెలో ఉంటారు. ఒహరా రేవులో దిగొచ్చు, ఉయెహరాలో దిగొచ్చు, చలికాలంలో గాలి ఎక్కువైతే ఉయెహరా పడవలు ఆగిపోతాయి. నకామా నది మీద పడవలో మడ అడవి చూడండి, ఉరావుచి నది చూడండి. పిల్లి మాత్రం కనిపిస్తుందని వెళ్లకండి. పదహారు రాత్రుల్లో నాకు కనబడలేదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో కూడా చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. "పిల్లిని చూపిస్తాం" అని రాత్రి కార్లలో తిప్పేవాళ్లు ఎదురైతే దయచేసి ఎక్కకండి, పిల్లి తిరిగే వేళలో రోడ్డు మీద ఒక కారు ఎక్కువైనట్టే.

కారు తీసుకుంటే చీకటి పడేలోపు బసకు చేరేలా ప్లాన్ చేసుకోండి. తప్పక రాత్రి నడపాల్సివస్తే 40 కూడా ఎక్కువే, ముఖ్యంగా వాన పడ్డాక. పిల్లి కనిపిస్తే ఆగండి, లైట్ దాని కళ్లలో కొట్టకండి, అది వెళ్లేదాకా ఉండి, ఎక్కడ చూశారో సంరక్షణ కేంద్రానికి చెప్పండి. దెబ్బ తగిలిన పిల్లి కనిపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు, అద్దె కారులో ఆ నంబరు ఉందో లేదో తాళం తీసుకునేటప్పుడే అడిగి ఫోన్‌లో పెట్టుకోండి.